గేటుకు తగిలించిన కొక్కెం

నేను ఒక కొక్కేన్ని. చేప నోట్లో దిగే గాలాన్నో, గోడకు చొక్కా తగిలించే మేకునో అనుకునేరు, కాదు. బస్తాలు మోసే హమాలీ చేతిలో ఉండే కొక్కేన్ని. జానెడు పొడుగు, ఒక కొసన వంపు, వంపు చివర మొన, రెండో కొసన అడ్డంగా తుమ్మకర్ర పిడి. పిడిని గుప్పిట్లో బిగిస్తే నా మెడ రెండు వేళ్ళ సందులోంచి బయటికి వస్తుంది. కొత్తగా పనిలో చేరినవాడికి నేను చేతిలో ఉన్నానన్న ధ్యాస ఉంటుంది. పాతబడ్డ హమాలీకి ఆ ధ్యాస పోతుంది. వాడు బీడీ కట్ట అందుకోవాలన్నా, పక్కవాడి వీపు గోకాలన్నా ముందు నన్ను చాచి, ఆ తర్వాత నాలిక కరుచుకుంటాడు. నేను వాడికి ఆరో వేలు.

నా పుట్టుకే దెబ్బలతో జరిగింది. సామర్లకోట దారిలో ధాన్యం లారీ ఒకటి బోల్తా పడితే, దాని స్ప్రింగు పట్టీని పాత ఇనుములో కొన్నాడు ఈశ్వరాచారి అనే కమ్మరి. ఆ లారీ కింద డ్రైవరు నలిగిపోయాడట. ఆ సంగతి నన్ను కాలుస్తూ కొలిమి తిప్పేవాడికి చెప్పాడు. చెబుతూనే సమ్మెటతో నా నడుం వంచాడు. మనుషులు తమ పిల్లల్ని లాలించి పెంచుతారని విన్నాను. నన్ను ఎవరూ లాలించలేదు. ఎర్రగా కాల్చారు, వంగేదాకా బాదారు, బుస్సుమనేలా నీళ్ళలో ముంచారు. అందుకే నా మాట కొంచెం కరుకుగా ఉంటుంది. ఏమనుకోకండి.

నన్ను కొన్నవాడు దొరబాబు. పేరు చూసి మోసపోవద్దు. గోదావరి జిల్లాల్లో తల్లిదండ్రులు తమ ఇంట్లో లేనివన్నీ పిల్లల పేర్లలో పెట్టుకుంటారు. దొరబాబు తూములపాలెంలో పెద్ద మిల్లు అని ఊరంతా పిలిచే రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. వాడి జోడీ నూకరాజు. జోడీ అంటే, ఇద్దరూ చెరోవైపున బస్తా చెవికి కొక్కెం వేసి, ఒక్కసారే ఎత్తి, మూడోవాడి వీపుమీద పెట్టేవాళ్ళు. ఒకడు క్షణం ముందు ఎత్తినా, రెండోవాడు క్షణం ఆలస్యం చేసినా మూడోవాడి నడుం విరుగుతుంది. ఒక దొర, ఒక రాజు కలిసి అలా కొన్నేళ్ళపాటు ఎవరి నడుమూ విరక్కుండా పనిచేశారు. ఒకణ్ణొకడు బావా అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు.

పెద్ద మిల్లులో గుమాస్తా చేతిలో ఎప్పుడూ యంత్రం బెల్టు ముక్క ఒకటి ఉండేది. బస్తా చిరిగి ధాన్యం కారితే ఆ బెల్టు వీపుమీద పడేది. నూకరాజుకి ఆ వాతలు బాగా తెలుసు. నూకలమ్మ అమ్మవారి పేరు పెట్టుకున్న పాపానికి వాణ్ణి గుమాస్తా "నూకలు" అని వెక్కిరించేవాడు. మిల్లులో నూకల్ని జల్లెడపట్టి పక్కకి తోసేస్తారు కదా, వాణ్ణీ అలాగే తోసేవాడు.

ఒక వేసవిలో కప్పుదాకా పేర్చిన బస్తాలు కూలి సింహాచలం అనే హమాలీమీద పడ్డాయి. బస్తాలన్నీ తీసేసరికి వాడి రొమ్ము అణిగిపోయి ఉంది. నోట్లోంచి నెత్తురుతోపాటు వడ్లు వచ్చాయి. గుమాస్తా వచ్చి చూసి, శవాన్ని పక్కన పెట్టి ముందు లారీ నింపమన్నాడు. దొరబాబు నన్ను గుమాస్తా చొక్కా కాలరుకు వేసి, వాణ్ణి ఈడ్చుకుంటూ తెచ్చి, శవం పక్కన బోర్లా పడేశాడు. చొక్కాతోపాటు నేను వాడి మెడ కూడా కొంచెం చీరాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు గర్వంగానే అనిపించింది.

ఆ సాయంత్రమే సంఘం పుట్టింది. కాకినాడ నుంచి జోగారావు అనే సన్నటి మనిషి వచ్చి, సభ్యత్వాలు రాయించి, జెండా కట్టాడు. సమ్మె మొదలయింది. పని ఆపినట్టు ఎలా తెలియాలి అని ఎవరో అడిగితే, దొరబాబు లేచి వెళ్ళి నన్ను పెద్ద మిల్లు గేటు పైకమ్మీకి తగిలించాడు. మిగతావాళ్ళు వాడి వెనకే వచ్చి తమ కొక్కేల్ని వరసగా తగిలించారు. గేటుకు తగిలించిన కొక్కెం సంఘం మాట లేకుండా ఎవడూ దింపకూడదు, దింపినవాడు మనిషే కాడు అని దొరబాబే అన్నాడు. ఆ కట్టుబాటు అక్కడ పుట్టిందే. తర్వాత చుట్టుపక్కల మిల్లులన్నింటికీ పాకింది.

సమ్మె సాగింది. పెద్ద మిల్లు ఆసామి రౌడీల్ని దింపాడు. వాళ్ళు సైకిలు చెయిన్లతో వచ్చి గేటు దగ్గర కూర్చున్నవాళ్ళ మొహాలు చితక్కొట్టారు. హమాలీలు రాళ్ళతో వాళ్ళని కాలవలోకి తరిమారు. ఇంతలో పోలయ్య అనేవాడి ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. పోలయ్య ఎవరూ లేనప్పుడు వచ్చి తన కొక్కెం దింపుకుని మిల్లులోకి వెళ్ళాడు. బయటికొచ్చాక జట్టంతా కలిసి వాణ్ణి వెదురుకర్రలతో కొట్టింది. మొదటి దెబ్బ దొరబాబుదే. పోలయ్య పక్కటెముకలు విరిగాయి. ఆపమని అడ్డంపడింది నూకరాజు ఒక్కడే, వాడికీ రెండు తగిలాయి. చివరికి సంఘం గెలిచింది. కూలి పెరిగింది, బెల్టు ముక్క మాయమైంది. గెలిచాక పోలయ్యకి కూడా పెరిగిన కూలే ఇచ్చారు. వాడు దాన్ని తీసుకుని, దొరబాబు మొహంవైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇక మనుషుల తమాషా చూడండి. కొన్నాళ్ళకి దొరబాబు ఆసామి అయ్యాడు. కాలవ గట్టున మూతపడిన చిన్న మిల్లు ఒకటి ఉంటే, పెళ్ళాం మంగతాయారు వంటిమీది బంగారమంతా పెట్టి దాన్ని తీసుకున్నాడు. రేకుల కప్పు, పాత యంత్రం, ముందు కాస్త కళ్ళం. బోర్డుమీద పెళ్ళాం పేరు రాయించాడు. ఉన్న బంగారం ఎలాగూ దానిమీదికే ఎక్కింది మరి. జట్టుగా నూకరాజునీ, మరి కొందర్నీ తెచ్చుకున్నాడు. వాళ్ళలో పోలయ్య కూడా ఉన్నాడు. పాత అపరాధం ఏదో దిద్దుకుంటున్నానని దొరబాబు అనుకున్నాడు కాబోలు. పోలయ్యకి మాత్రం అది పని దొరికిన చోటు, అంతే. నన్ను నూకరాజు చేతిలో పెట్టి, ఇక నాకు దీంతో పనేముంది, నువ్వుంచుకో అన్నాడు దొరబాబు. నూకరాజు నన్ను తీసుకుని, ఆ రోజునుంచి నలుగురిలో వాణ్ణి బావా అనడం మానేసి "అండీ" అనడం మొదలుపెట్టాడు. దొరబాబు మొదట్లో నవ్వాడు. తర్వాత అలవాటు పడ్డాడు.

చిన్న మిల్లు బతుకు నేను దగ్గర్నుంచి చూశాను. పెద్ద మిల్లుకి ఏడాది పొడుగునా ధాన్యం వస్తుంది. దొరబాబు మిల్లుకి పంటలప్పుడు తప్ప రాదు. మిగతా రోజుల్లో వాడు ఖాళీ కళ్ళంలో కూర్చుని ఎలకల్ని తరిమేవాడు. జట్టు తక్కువైనప్పుడు తనే చొక్కా విప్పి బస్తా కింద నడుం వంచేవాడు. ఆసామి బస్తా మోయడం జట్టుకి నవ్వులాటగా ఉండేది. నూకరాజు మాత్రం నవ్వేవాడు కాదు. ఎవరూ లేనప్పుడు, "నీకిదెందుకు బావా, నడుం పోద్ది" అని గొణిగేవాడు.

అలా ఉండగా సంఘం కొత్త ఒప్పందం తెచ్చింది. కూలి రేటు పెరగాలి. లారీకి పన్నెండుమందికి తగ్గకుండా జట్టు ఉండాలి. పని లేని నెలల్లో కూడా సగం కూలి ఇవ్వాలి. దెబ్బ తగిలితే వైద్యం ఆసామిదే. సింహాచలం చావు చూసినవాడెవడూ దీన్ని అన్యాయం అనలేడు. నేనైతే అననే అనను. పెద్ద మిల్లు ఆసామి కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. అతని షెడ్డులో అప్పటికే బస్తాల్ని ఎక్కించే కొత్త యంత్రాలకి పునాదులు తవ్వుతున్నారు. పైగా ఈ రేట్లకి చిన్న మిల్లులు నిలబడవని అతనికి తెలుసు. సంఘం వాళ్ళు అతనికి దండ వేశారు.

దొరబాబు సంతకం పెట్టలేకపోయాడు. జోగారావుని కళ్ళంలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, బతిమాలాడు. తన మిల్లు దగ్గరికి వచ్చే లారీలే తక్కువ, వాటికి పన్నెండుమందిని పెడితే వాళ్ళు నిలబడటానికే చోటు లేదన్నాడు. ఆరుగురితో చేయనిస్తే ఆ ఆరుగురికీ కొత్త రేటు ఇస్తానన్నాడు.

జోగారావు మజ్జిగ తాగి, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టాడు. "నీకు తగ్గిస్తాను దొరబాబూ. రేపు పెద్ద మిల్లువాడు తన మిల్లుని ఆరు ముక్కలు చేసి, ఆరు బోర్డులు కట్టి, మావీ చిన్న మిల్లులే అంటాడు. అప్పుడు మేం ఎవరి గేటుకి కొక్కేలు తగిలించాలి?"

ఇద్దరూ అబద్ధం చెప్పడంలేదు, ఇద్దరిలో ఒకడు మునగక తప్పదు. మనుషుల తగాదాల్లో నాకు అన్నింటికన్నా విసుగు పుట్టించేవి ఇలాంటివే.

రెండో పంట దాళ్వా ధాన్యం కళ్ళంలో దిగిన వారంలోనే కొక్కేలు దొరబాబు గేటుకి ఎక్కాయి. నూకరాజు నన్ను చివర తగిలించాడు. తగిలించి, గేటు లోపలున్న దొరబాబుతో, "తప్పదండీ" అన్నాడు. దొరబాబు తలూపాడు. అప్పుడు వాడికి కోపం లేదు.

వాడి కళ్ళంలో ఉన్నది వాడి ధాన్యం కూడా కాదు. ఊళ్ళో రైతులు నమ్మి తోలిన ధాన్యం. తడిసి మొలకెత్తితే మిల్లు పోవడం ఒక్కటే కాదు, ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకు తిరగడం ఉండదు. ఎండ కాస్తున్నంతకాలం వాడు ఓర్చుకున్నాడు. తర్వాత బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. మధ్యాహ్నం అన్నాల వేళకి ఆకాశం నల్లబడి, వడగళ్ళతో వాన దిగింది. గాలికి టార్పాలిను ఒక మూల తెగి పైకి లేచింది. నీళ్ళు బస్తాల కిందికి చేరుతున్నాయి. గేటు దగ్గర కూర్చున్నవాళ్ళు రోడ్డవతల టీ పాకలోకి పరిగెత్తారు. నూకరాజు అంతకుముందే అన్నానికి ఇంటికి వెళ్ళాడు.

దొరబాబు గోనెసంచి ఒకటి తలమీద కప్పుకుని గేటు దగ్గరికి వచ్చాడు. కొక్కేల వరసని చూశాడు. నామీద చెయ్యి వేశాడు. ఎన్నేళ్ళయినా ఆ గుప్పిట నేను మరిచిపోలేదు. ఆ క్షణాన వాడు ఆసామి కాదు, నూకరాజు కూడా గుర్తులేడు. నా కొక్కెం నేను తీసుకుంటున్నాను అనుకున్నాడు. పక్కనున్న వేరే కొక్కేన్ని దేన్నీ తాకలేదు. పరాయివాడి కొక్కెం ముట్టుకోవడం తప్పని వాడికి తెలుసు. తన చేతిలో ఉన్నదే పరాయిదని తట్టలేదు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

వాడూ, మంగతాయారూ కలిసి బస్తాల్ని అరుగుమీదికి చేర్చడం మొదలుపెట్టారు. జోడీ లేకుండా బస్తా ఎత్తడం ఎంత కష్టమో చెప్పలేను. వాడి గోళ్ళలోంచి నెత్తురు వచ్చింది.

ఆ తర్వాత గేటు బయట జరిగింది నేను చూడలేదు. తర్వాత నన్ను వాయిదాలకి తెచ్చినప్పుడు కోర్టు వరండాలో జట్టువాళ్ళు తమలో తాము గుసగుసలాడుకుంటుంటే విన్నాను. వాన కాస్త తెరిపిచ్చాక జట్టు తిరిగి వచ్చింది. వరసలో చివరి చోటు ఖాళీగా ఉంది. అది నూకరాజు చోటు. గేటు సందులోంచి చూస్తే, మొహం కనబడకుండా గోనె కప్పుకుని ఎవడో బస్తా మోస్తున్నాడు. ఇంకేం కావాలి? ఆసామి పాత జోడీ, ఆసామికి బావ, దొంగతనంగా పనిలోకి వెళ్ళాడు. అప్పుడే వెనక సందులోంచి తడుస్తూ నూకరాజు వచ్చాడు. లోపల పనిచేసి, మిల్లు వెనక గోడ దూకి, ఏమీ ఎరగనట్టు వస్తున్నాడనుకున్నారు.

"నీ కొక్కెం ఏదిరా?" అని పోలయ్య అడిగాడట.

నూకరాజు గేటువైపు చూశాడు. ఒక్క చూపులో వాడికి అంతా అర్థమైంది. అంత వరసలో నన్ను ఒక్కదాన్నే ఏరి తీసేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ మాట చెబితే జట్టు లోపలికి పోతుంది, ఆసామిని చంపుతుంది, మిల్లు తగలబెడుతుంది.

"నాకు తెలీదు" అన్నాడు.

మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే అన్నాడు. పోలయ్య చేతిలో వెదురుకర్ర ఉంది. తన పక్కటెముకల్ని విరిచిన కట్టుబాటు ఇంకొకడికి వర్తించకపోతే తను తిన్న దెబ్బలకి అర్థమేముంది? మొదటి దెబ్బ మోకాళ్ళమీద పడింది. నూకరాజు బురదలో పడ్డాడు. తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో ఎవరికీ తెలియదు. వీడికి భూమ్మీద నూకలు చెల్లాయిరా అని ఎవడో అరిస్తే, ఆ వెక్కిరింతకి ఒకరిద్దరు నవ్వారు కూడా. నవ్వుతూ కొట్టారు. నోట్లో బురద నిండినా వాడు దొరబాబు పేరు చెప్పలేదు.

ఆ అరుపులు మంగతాయారుకి ముందు వినిపించాయి. ఆమె గేటు సందులోంచి చూసి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. "నూకరాజుని చంపేత్తన్నారు. నీ చేతిలో ఉన్నదాని కోసం చంపేత్తన్నారు."

దొరబాబు తన చేతివైపు చూసుకోలేదు. బస్తా వదిలేసి, గేటు తోసుకుని, "నేను తీసేన్రా, నేను తీసేను" అని అరుస్తూ బయటికి దూకాడు. ఆ గోలలో మాట ఎవరికి వినబడుతుంది? వాళ్ళకి కనబడింది ఆసామి, ఆసామి గుప్పిట్లో కొక్కెం. కర్రలు వాడిమీదికి తిరిగాయి. ఒక దెబ్బకి నెత్తి చిట్లి నెత్తురు కళ్ళలోకి కారింది. ఇంకో దెబ్బకి ఎడమచెయ్యి వేలాడిపోయింది. వాడు తిరిగి ఒక్కణ్ణి కూడా కొట్టలేదు. కావాలంటే కొట్టేవాడే, నేను చేతిలోనే ఉన్నాను. కాళ్ళ మధ్యనుంచి దూరి, బురదలో బోర్లా పడి ఉన్న నూకరాజు దగ్గరికి చేరాడు.

వానకి తడిసిన ఒళ్ళు, చొక్కా చిరిగిపోయింది, పట్టుకోవడానికి ఏమీ లేదు. పైన కర్రలు పడుతూనే ఉన్నాయి. దొరబాబు కుడిచెయ్యి చాచాడు. బస్తాని లాగినట్టు లాగాడు. ఆ చేతిలో నేను ఉన్నానని వాడికి తెలియదు.

నేను నూకరాజు మెడకీ భుజానికీ నడుమ దిగాను. ఎముక కిందనుంచి వెళ్ళి ఎముకని పట్టుకున్నాను. దొరబాబు బలమైనవాడు, ఒక్క ఊపున లాగాడు. ఎముక విరిగిన చప్పుడు ముందు, నూకరాజు అరుపు తర్వాత. అలాగే, నన్ను దించినవాడు దించినట్టే, వాణ్ణి బురదలో ఈడ్చుకుంటూ గేటు లోపలికి తెచ్చాడు. మంగతాయారు గేటు మూసి గడియ వేసింది. బయట కర్రలు ఆగిపోయాయి. వాళ్ళు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

దొరబాబు నూకరాజు తలని ఒళ్ళో పెట్టుకుని, బావా, బావా అని మొహంమీది బురద తుడవబోయాడు. చెయ్యి రాలేదు. చెయ్యి ఎందుకు రావడంలేదా అని అప్పుడు చూసుకున్నాడు. నేను గోనె నార ఎరుగుదును, ధాన్యం దుమ్ము ఎరుగుదును. మనిషి లోపల అంత వేడి ఉంటుందని నాకు తెలియదు. నాకు భయం వేసింది. దొరబాబు పిడి వదలాలన్నా వేళ్ళు విడలేదు. మంగతాయారు ఒక్కొక్క వేలునీ విప్పింది.

నూకరాజు బతికాడు. కుడిభుజం మాత్రం చచ్చిపోయింది. చెయ్యి మోచేతిదాకా కదులుతుంది, పైకి లేవదు. బస్తా సంగతి అలా ఉంచండి, అన్నం ముద్ద నోటికి చేరాలంటే తలే చేతి దగ్గరికి వంగాలి. ధాన్యం కళ్ళంలోనే మొలకెత్తి, పచ్చగా లేచి, కుళ్ళింది. రైతులు వచ్చి రేకులమీద రాళ్ళేశారు. ఆ తర్వాత దొరబాబు మిల్లుని పెద్ద మిల్లు ఆసామే కారుచౌకగా కొన్నాడు. దాన్ని గోనెసంచుల గిడ్డంగి చేసుకున్నాడు. కొత్త యంత్రాలు బిగిశాక అతనికి హమాలీల్లో సగంమంది అక్కరలేకపోయారు. పోలయ్య ఆ సగంలో ఉన్నాడు. ఎప్పుడో సంఘం వేసిన దండ ఆ ఆసామి మెళ్ళోంచి ఎండి రాలిపోయి ఉంటుంది, అతను మాత్రం అలాగే ఉన్నాడు.

నన్ను పోలీసులు గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, లక్క ముద్ర వేశారు. నెత్తురంటిన కత్తులు, సారా డబ్బాలు, ముందుచక్రం లేని సైకిలు, వీటి మధ్య కొన్నేళ్ళు పడున్నాను. చంపడానికి పొడిచాడని దొరబాబుమీద కేసు, గుంపుగా కొట్టారని పోలయ్యవాళ్ళమీద కేసు. రెండింటికీ అసలు సాక్షి ఒకడే. నూకరాజు ఒక్కమాట అంటే దొరబాబు జైలుకి పోతాడు, ఇంకోమాట అంటే పోలయ్యవాళ్ళు పోతారు. జోగారావు ఆసుపత్రిలో వాడి మంచం పక్కన రాత్రింబవళ్ళు కూర్చున్న మనిషే. ఆ చొరవతోనే, పొడిచాడని చెప్పు, సంఘం నిన్ను జీవితాంతం చూసుకుంటుంది అన్నాడు. మంగతాయారు వచ్చి ఏమీ అడగలేదు. గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

కోర్టులో సర్కారు వకీలు నన్ను ఎత్తి చూపించి, గుమాస్తా మెడ చీరిన పాత కథ కూడా తవ్వి, ఇలాంటివాడు పొడవడా అని అడిగాడు.

"పొడవలేదండి. లాగేడండి" అన్నాడు నూకరాజు.

"కొక్కెంతో మనిషిని లాగుతారా?"

"మేం ఏదైనా అలాగే లాగుతామండి. ఆ సెయ్యి అంతేనండి. లాగబట్టే ఉన్నానండి."

మరి కొట్టిందెవరని అడిగారు. తల కిందికి ఉంది, ఎవరి మొహమూ చూడలేదన్నాడు నూకరాజు. వెనక వరసలో కూర్చున్న పోలయ్య తల దించుకున్నాడు. జడ్జిగారు చాలాసేపు రాసుకున్నారు. కేసులో అందరూ నిర్దోషులయ్యారు. దోషం చెయ్యకుండా అంత నెత్తురు ఎలా కారిందో నన్నెవరూ అడగలేదు.

అంతా లేచి పోతుంటే కోర్టు గుమాస్తా ఒకాయన నన్ను బల్లమీద పెట్టి, ఈ వస్తువు ఎవరిది, సంతకం పెట్టి తీసుకుపొమ్మన్నాడు. నాది కాదన్నాడు నూకరాజు. నాదీ కాదన్నాడు దొరబాబు. అయితే సర్కారుది అన్నాడు ఆయన. అలా సర్కారు సొత్తునై, వేలంలో తూకానికి అమ్ముడుపోయి, ఇప్పుడు కాకినాడ జగన్నాథపురం వంతెన దగ్గర పాత ఇనుము కొట్లో ఉన్నాను. రేపో మాపో నన్ను మళ్ళీ కరిగిస్తారు. ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం. మేకుల్ని చేస్తే మాత్రం గేటుకి కొట్టకుండా ఉంటే చాలు.

కాని ఆ బల్లమీద ఉండగా నేను చూసింది ఒకటి మిగిలింది. అది చెప్పకపోతే మీకు ఏమీ చెప్పనట్టే.

గది ఖాళీ అయింది. గుమ్మం దగ్గర వాళ్ళిద్దరే మిగిలారు. దొరబాబు ముసలివాడైపోయాడు. ఏడుస్తున్నాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచి, మాట రాక, రెండు చేతులూ చాచి నూకరాజువైపు అడుగు వేశాడు. ఆ చేతుల్లో ఏమీ లేదు. నూకరాజు వాణ్ణి చూసి నవ్వబోయాడు. ఇంతలో వాడి ఒళ్ళంతా ఒక్కసారి జడుసుకుంది. వెనక్కి గెంతి, వీపు తలుపుకి కొట్టుకుని, ఎడమచేత్తో కుడిభుజాన్ని గట్టిగా మూసుకున్నాడు. దొరబాబు ఉన్నచోటే ఆగిపోయాడు. నూకరాజు మొహం సిగ్గుతో కందిపోయింది.

"ఏవనుకోకు బావా" అన్నాడు. "నేను కాదు. ఈ బుజం."

దొరబాబు తలూపాడు. చాచిన చేతుల్ని నెమ్మదిగా వెనక్కి తీసుకుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, నూకరాజు ముందుగా మెట్లు దిగేదాకా కదలకుండా ఉన్నాడు.